గోడవెనక అమెరికా

ఆ సర్క్యులరు వచ్చిన రోజున రత్నకుమారి టీచర్ రెండో తరగతి పిల్లలకు 'మా ఊరు' పాఠం చెబుతోంది. ఊళ్ళో రేషను షాపు ఎటుంది, పోస్టాఫీసు ఎటుంది, పశువుల ఆస్పత్రి ఎటుంది అని అడుగుతోంది. పోస్టాఫీసు ఎక్కడుందో ఒక్కరికీ తెలియలేదు. పశువుల ఆస్పత్రి మాత్రం అందరూ లేచి నిలబడి మరీ చూపించారు. ఇంతలో హెడ్మాస్టరు పిచ్చయ్య గారు సెల్‌ఫోను రెండు చేతులతో పట్టుకుని, అందులోంచి ఏదో ఒలికిపోతుందేమోనన్నంత జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"అమ్మా, ఆ ఊరు ఆపేయండి," అన్నారు.

"ఏ ఊరు సార్?"

"మన ఊరే. సోమవారం నుంచి అమెరికా."

కొత్తరేగడ ప్రాథమిక పాఠశాలలో టీచర్లు ఇద్దరే. మూడు, నాలుగు, అయిదు తరగతులు పిచ్చయ్య గారివి. ఒకటీ రెండూ రత్నకుమారివి. ఒకటిలో ఏడుగురు, రెండులో తొమ్మిదిమంది, పదహారుమందీ ఒకే గదిలో కూర్చుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆమె చేస్తున్నది ఆ వయసు పిల్లల చేత అక్షరాలు దిద్దించడం, ముక్కులు తుడవడం, మధ్యాహ్నం కోడిగుడ్డు పెంకు తీసివ్వడం. పిచ్చయ్య గారి రిటైర్‌మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. ఆ పద్నాలుగు నెలలూ ఏ గొడవా లేకుండా గడిచిపోతే చాలునని ఆయన కోరిక.

జరిగింది ఇది. రాజధాని నుంచి పదకొండుమంది అధికారులు అధ్యయనం కోసం పన్నెండు రోజులు అమెరికా వెళ్ళివచ్చారు. అక్కడొక బడిలో చూస్తే ఏడేళ్ళ పిల్లలు అమెరికా చరిత్ర గడగడా చెప్పేస్తున్నారట. బృందం నిర్ఘాంతపోయింది. హోటలుకొచ్చి చర్చించుకుంది. ఆ చర్చ సారాంశం సర్క్యులరులో ఇలా ఉంది:

'సదరు దేశమందలి బాలబాలికలు అమెరికా ఆధునిక చరిత్రను శైశవముననే అభ్యసించుచున్నట్లు గమనించడమైనది. సదరు దేశము అభివృద్ధి చెందియుండుట కూడా గమనించడమైనది. ఈ రెండు పరిశీలనలను అనుసంధానించి చూడగా, మన వెనుకబాటుకు మూలకారణము మన బాలబాలికలకు అమెరికా చరిత్ర తెలియకపోవుటయేనని నిర్ధారించడమైనది. కావున తక్షణమే ఒకటి, రెండు తరగతుల యందు...'

మండల కేంద్రంలో రెండు రోజులు శిక్షణ పెట్టారు. మండల విద్యాధికారి నరహరి గారు వేదిక మీద కూర్చుని, 'బోధనా దీపిక' అనే లావుపాటి పుస్తకం తలా ఒకటి పంచారు. పిల్లల పుస్తకాలు ఇంకా అచ్చవలేదు. అవి వచ్చే ఏడాది వస్తాయి, పరీక్ష మాత్రం ఈ ఏడాదే.

"బట్టీ పట్టించడం నిషిద్ధం," అన్నారు నరహరి గారు. "ప్రతి పాఠమూ కృత్యం ద్వారా చెప్పాలి. ప్రతి పాఠాన్నీ పిల్లవాడి పరిసరాలతో అనుసంధానించాలి. సాయంత్రం నాలుగింటిలోపు ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. ఫొటో లేని పాఠం చెప్పని పాఠం కింద లెక్క."

రత్నకుమారి లేచి నిలబడింది. "సార్, మా పిల్లలకు ఇంకా వత్తులు రాలేదు."

"అమెరికాలో వత్తులే లేవమ్మా. అయినా వాళ్ళు ముందుకెళ్ళారు."

"అది కాదు సార్, మహా ఆర్థిక మాంద్యం అని మొదటి పాఠం ఉంది. ఏడేళ్ళ పిల్లలకు అది ఎలా చెప్పాలి?"

"చెప్పకూడదు," అన్నారు నరహరి గారు ప్రశాంతంగా. "అనుభవింపజేయాలి."

ఆదివారమంతా రత్నకుమారి దీపిక ముందేసుకుని కూర్చుంది. మాంద్యం గురించి అందులో పద్నాలుగు పేజీలున్నాయి. పద్నాలుగూ చదివేసరికి ఆమెకే మాంద్యం వచ్చినంత పనైంది. సోమవారం పొద్దున ఆ పుస్తకాన్ని కుర్చీలో పెట్టి, తాను పిల్లలతోపాటు కింద చాప మీద కూర్చుని, తనకు తోచినట్టు మొదలుపెట్టింది.

"అమెరికా అని ఒక దేశముంది. అక్కడ ఒకప్పుడు, మీ తాతయ్యలకు నాన్నలుంటారు కదా, వాళ్ళ రోజుల్లో, ఉన్నట్టుండి పనులన్నీ ఆగిపోయాయి. ఫ్యాక్టరీలు మూసేశారు. నాన్నలందరూ ఇళ్ళల్లో కూర్చున్నారు."

"వానలు పళ్ళేదా టీచర్?" అన్నాడు కోటేశు. వాడు రెండో తరగతిలో అందరికంటే పొడుగు.

"కొన్నిచోట్ల అదీ జరిగింది. దుమ్ము లేచి పొలాలన్నీ కప్పేసింది."

"మరి ఏం తిన్నారు?"

"గిన్నె పట్టుకుని వీధిలో వరసగా నిలబడితే ఇంత సూపు పోసేవాళ్ళు."

"సూపంటే?"

"మన చారులాంటిదిలే."

"అన్నం లేకుండానా?"

ఉత్త చారు తాగి బతికిన ఆ దేశం మీద పదహారుమందికీ ఒకేసారి జాలి పుట్టింది. ఒకటో తరగతిలో ఒక పిల్ల ఏడుపు మొహం కూడా పెట్టింది.

"తర్వాత ప్రభుత్వమే పనులు పెట్టింది. రోడ్లు వేయించింది, ఆనకట్టలు కట్టించింది. జనం వెళ్ళి పనిచేశారు," అంది రత్నకుమారి తొందరగా.

"ఉపాధి పనా టీచర్? మా అమ్మ పోయిద్ది," అంది రిజ్వానా.

రిజ్వానా వాళ్ళ నాన్న పరుపులు కుడతాడు. ఆ పిల్లకు ముందు పళ్ళు రెండూ ఊడిపోయి మాటకంటే గాలి ముందొస్తుంది. ఏ సంగతి విన్నా దాని చివరిదాకా వెళ్ళి చూడకుండా వదలదు. చందమామ ఎందుకు మనవెంటే వస్తాడని ఒకసారి అడిగి, జవాబు చాల్లేదని మూడు రోజులపాటు అదే అడిగింది. రత్నకుమారికి ఆ పిల్లంటే ఇష్టమూ ఉంది, కొంచెం భయమూ ఉంది.

మధ్యాహ్నం పిల్లలకు పళ్ళేలిచ్చి వరసగా నిలబెట్టి, 'ఆకలి వరుస' అని ఫొటో తీసి పంపారు. గంటలోపు రాష్ట్ర పరిశీలకులు డాక్టర్ విశ్వంభరరావు గారి వ్యాఖ్య వచ్చింది: 'పిల్లలు నవ్వుచున్నారు. మాంద్యమునందు నవ్వు ఉండరాదు. ముఖకవళికలు మెరుగుపరచవలెను.'

మర్నాడు వంటమనిషి అంకమ్మకు గ్యాసు అయిపోయింది. సిలిండరు కోసం మనిషి పక్క ఊరు వెళ్ళి వచ్చేసరికి రెండయింది. పళ్ళేలు పట్టుకుని నిలబడ్డ పిల్లలను పిచ్చయ్య గారు ఫొటో తీసి పంపారు. 'అద్భుతము,' అని వ్యాఖ్య వచ్చింది. 'ఇంతటి సహజత్వము రాష్ట్రమునందెచ్చటను కానరాలేదు.' వారం తిరిగేసరికి జిల్లాలో మాంద్యం మొదటి ర్యాంకు కొత్తరేగడ బడికి వచ్చింది.

ఆ తర్వాత శీతల యుద్ధం. ఒకటో తరగతి ఒక పక్షం, రెండో తరగతి ఒక పక్షం. కొట్టుకోకూడదు, మాట్లాడుకోకూడదు, ఒకరికంటే ఒకరు ఎక్కువ రాళ్ళు పోగేసుకోవాలి, కాని విసరకూడదు. మొదటిరోజు అందరికీ సరదాగా ఉంది. రెండోరోజుకు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఇళ్ళల్లో కూడా మాట్లాడుకోవడం మానేశారు. మూడోరోజు ముగ్గురు తల్లులు బడికొచ్చి, మంచాల కిందా, బియ్యం డబ్బాల్లోనూ రాళ్ళు దొరుకుతున్నాయని కేకలేశారు. యుద్ధం పదిహేను రోజులు జరపాలని దీపికలో ఉంది. రత్నకుమారి మూడోరోజు సాయంత్రమే అందరికీ వేరుశనగ చిక్కీలు పంచి రాజీ చేసేసింది. యాప్‌లో మాత్రం దసరా సెలవుల్లో కూడా యుద్ధం నడిచింది.

చంద్రుడి మీదకు వెళ్ళడం పిల్లలకు అన్నిటికంటే నచ్చింది. ఇసుకకుప్ప ఎక్కి తేలిపోతున్నట్టు నెమ్మదిగా నడిచారు. గంట కొట్టాక కూడా భూమ్మీదకు రామన్నారు. ఒక అధ్యక్షుడు తప్పు చేసి, అది బయటపడి, రాజీనామా చేసిన పాఠం కూడా ఒకటుంది. తప్పు బయటపడితే రాజీనామా చేయడమన్నది పిల్లల పరిసరాలతో ఎంత ప్రయత్నించినా అనుసంధానం కావడం లేదని దాన్ని పైవాళ్ళే తీసేశారు.

అలా కార్తీకమాసంలో పౌరహక్కుల పాఠం దగ్గరికి వచ్చారు.

అప్పటికి రత్నకుమారికి ఈ పని అలవాటైంది. నిజం చెప్పాలంటే కొంచెం ఇష్టం కూడా అయింది. తాను ఏదైనా చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వినడం 'మా ఊరు' పాఠంలో ఎప్పుడూ జరగలేదు.

"ఆ దేశంలో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ ఉండేవాళ్ళు," అని మొదలుపెట్టింది. "కొన్ని ఊళ్ళల్లో నల్లవాళ్ళు బస్సులో వెనకే కూర్చోవాలి. తెల్లవాళ్ళొస్తే లేవాలి. తాగేనీళ్ళ కుళాయిలు వేరు. హోటళ్ళు వేరు. బాత్రూములు కూడా వేరు. మంచివి వాళ్ళకు, పాతవి వీళ్ళకు."

"ఎవరు చెప్పారలాగని?"

"చట్టం అలా రాసుకున్నారు. ఒకరోజు ఒకావిడ పని చేసుకుని బస్సులో ఇంటికెళ్తోంది. లేవమన్నారు. లేవనంది."

"కొట్టారా?"

"పోలీసులు తీసుకెళ్ళారు. అప్పుడు ఆ ఊళ్ళో నల్లవాళ్ళందరూ బస్సెక్కడం మానేశారు. ఏడాదికి పైగా. ముసలివాళ్ళు కూడా మైళ్ళు మైళ్ళు నడిచే వెళ్ళారు. చివరికి పెద్ద కోర్టు తీర్పు రాసి పంపించింది. అప్పుడెక్కారు. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చున్నారు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. దీపికలో ఈ పాఠం చివర ఒక ప్రశ్న ఉంది, అది తప్పనిసరిగా అడగాలి. అడిగింది.

"మీ పరిసరాలలో ఇలాంటిదేమైనా చూశారా?"

రిజ్వానా చెయ్యెత్తింది.

"మన బాత్రూము టీచర్."

బడి వెనక బాత్రూము కట్టి రెండేళ్ళయింది. లోపల తెల్లటి టైల్సు, కుళాయి, నీలం తలుపు. కట్టిన వారానికే దానికొక యాప్ వచ్చింది. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు బాత్రూము లోపలి ఫొటో పంపాలి. మరక కనిపిస్తే మార్కులు పోతాయి, వరసగా మూడు రోజులు పోతే హెడ్మాస్టరుకు మెమో. ముప్పై తొమ్మిదిమంది పిల్లలు వాడిన బాత్రూములో మరక లేకుండా ఎలా ఉంటుంది? పిచ్చయ్య గారు బాగా ఆలోచించి తాళం వేశారు. అప్పట్నుంచి శుభ్రతలో కొత్తరేగడది జిల్లాలో ఎప్పుడూ మొదటి అయిదులోనే. మగపిల్లలూ ఆడపిల్లలూ ప్రహరీ గోడ వెనక తుమ్మచెట్లలోకి వెళ్ళేవాళ్ళు.

"అది అలాంటిది కాదమ్మా," అంది రత్నకుమారి. "అది తాళం. ఎవరికీ తీయరు."

"మీకు తీస్తారుగా టీచర్."

రోజూ పదకొండున్నరకు ఆమె పిచ్చయ్య గారి గదిలోకి వెళ్ళడం, మేకుకున్న తాళంచెవి తీసుకోవడం, తిరిగి తగిలించడం పదహారుమందీ బళ్ళో చేరినప్పట్నుంచీ చూస్తూనే ఉన్నారు.

"నేనసలు బళ్ళో నీళ్ళే తాగను," అంది రిజ్వానా, ఫిర్యాదులా కాదు, కిటుకు చెబుతున్నట్టు. "తాగకపోతే రాదు. మొన్న మంటపుట్టి జొరమొచ్చిందిగా, అమ్మ ఆస్పత్రికి తీసకపోయింది. డాక్టరమ్మ నీళ్ళు తాగమంది. తాగితే గోడెనక్కి పోవాలిగా."

ఆ రోజు ఫొటో తీయలేదు.

సాయంత్రం రత్నకుమారి పిచ్చయ్య గారి బల్ల ముందు నిలబడింది. "సార్, రేపట్నుంచి బాత్రూము తాళం తీసేద్దాం."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డమనిషి కారు. పిల్లలకు పుట్టినరోజున తన జేబులోంచి పెన్సిలిచ్చే మనిషి. "నాకు తెలియదా అమ్మా? నాకూ మనవరాలుంది. కాని మూడు మెమోలు పడితే పెన్షను కాగితాలు ఆగిపోతాయి. ఇంకో ఏడాది ఓర్చుకోండి. తర్వాత మీరే హెడ్మాస్టరు, మీ ఇష్టం."

మర్నాటి నుంచి రత్నకుమారి తాళంచెవి ముట్టుకోలేదు. పొద్దున ఇంటి దగ్గర కాఫీ మానేసింది. బళ్ళో నీళ్ళసీసా మూత తీయలేదు. రెండోరోజుకు తలనొప్పి పట్టుకుంది. మూడోరోజు పలక మీద 'ఈ' రాస్తుంటే కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకుంది. ఇదే పనిని ఏడేళ్ళ పిల్ల ఏడాదిన్నరగా చేస్తోందన్న ఆలోచన ఆ తలనొప్పికంటే ఎక్కువ బాధపెట్టింది. పదకొండున్నర కాగానే పిల్లలు ఆమె వంక చూసి, ఆమె కదలకపోవడం గమనించి, మళ్ళీ రాసుకునేవాళ్ళు.

అలాంటి సమయంలో నరహరి గారు ఫోను చేశారు. మాంద్యంలో అంత పేరు తెచ్చుకున్న బడిని కళ్ళారా చూడడానికి డాక్టర్ విశ్వంభరరావు గారు స్వయంగా వస్తున్నారు. పౌరహక్కుల పాఠం నాటికగా వేయించాలి. శుక్రవారం పదకొండింటికి.

విశ్వంభరరావు గారు అరవై కిలోమీటర్లు కార్లో వచ్చారు. పొట్టిగా, లావుగా, నీటుగా ఉన్నారు. దిగగానే పిచ్చయ్య గారు కొబ్బరిబొండం ఇచ్చారు. కూర్చోగానే మజ్జిగ ఇచ్చారు. నరహరి గారు తన భక్తి తక్కువ కాకూడదని ఇంకో బొండం కొట్టించారు. నాటిక మొదలయ్యేసరికి పెద్దాయన పొట్టలో దాదాపు లీటరున్నర ఉంది.

బెంచీలు వరసగా వేసి బస్సు చేశారు. డ్రైవరు కోటేశు. రిజ్వానా ముందు బెంచీలో కూర్చుంది.

"లే," అన్నాడు మొహానికి సున్నం పూసుకున్న పిల్లవాడు.

"లేవను."

"ఎందుకు లేవవు?"

"నేనూ టిక్కెట్టు కొన్నా."

"శభాష్!" అన్నారు విశ్వంభరరావు గారు. "భావము శిశుహృదయాంతరాళమున ప్రతిష్ఠితమైనది! నరహరి గారూ, రాసుకోండి." నరహరి గారు రాసుకున్నారు.

ఇంకో అయిదు నిమిషాలు గడిచాక పెద్దాయన పిచ్చయ్య గారి చెవిదగ్గరికి వంగి ఏదో అడిగారు. పిచ్చయ్య గారు జేబులోంచి తాళంచెవి తీశారు.

రిజ్వానా అది చూసింది. బస్సులోంచి లేచింది. ఎవరినీ ఏమీ అడగకుండా గదిలోంచి బయటకు నడిచి, బడి వెనక్కి వెళ్ళి, నీలం తలుపుకు వీపు ఆనించి కింద కూర్చుంది. కోటేశు బస్సాపి దిగాడు. వాడి వెనకే ప్రయాణికులందరూ దిగారు. సున్నం పూసుకున్నవాడు కూడా వచ్చాడు. పెద్దవాళ్ళు అక్కడికి చేరేసరికి పదహారుమందీ గుమ్మానికి అడ్డంగా రెండు వరసల్లో బాసింపట్లు వేసుక్కూర్చుని ఉన్నారు.

ఇది రత్నకుమారి నేర్పింది కాదు. ఒక్క మాటంటే లేస్తారని తెలుసు. అనడానికి నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"ఓహో, రెండవ అంకము!" అని విశ్వంభరరావు గారు ముచ్చటపడి ఫోను తీసి నాలుగు ఫొటోలు తీసుకున్నారు. "చాలా బాగుంది. ఇక లేవండి నాన్నా."

"లేవం సార్," అన్నారు అందరూ.

"సంభాషణ కూడా చక్కగా ఉంది." ఆయన బరువు కుడికాలి మీద నుంచి ఎడమకాలి మీదకు మార్చుకున్నారు. "లేవండి మరి."

"మాక్కూడా తీస్తేనే లేస్తాం," అంది రిజ్వానా.

నరహరి గారికి చెమటలు పట్టాయి. "రత్నకుమారి గారూ, ఇది కృత్యమా, నిజమా?"

"దీపికలో ఆ తేడా చెప్పలేదు సార్," అంది రత్నకుమారి.

విశ్వంభరరావు గారు ఎడమకాలి మీద నుంచి కుడికాలి మీదకు వచ్చారు. "సాధారణముగా ఈ బాలబాలికలు ఎచ్చటికి... అనగా..."

"గోడవెనక్కి సార్," అన్నారు పిచ్చయ్య గారు, నేలకేసి చూస్తూ.

పెద్దాయన చకచకా గోడ దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి అవతలికి తొంగిచూశారు. తుమ్మముళ్ళు. పగిలిన సీసాలు. ఒక పంది తన పిల్లలతో సహా ఆయన మొహంలోకి చూసింది. వచ్చినంత వేగంగా వెనక్కి వచ్చేశారు.

"అక్కడికి ఎలా వెళ్తారమ్మా మీరు?" అన్నారు. ఆ మాటలో సర్క్యులరు లేదు, నిజంగానే అడిగారు.

"పరిగెత్తుకుంటా వెళ్తాం సార్. వచ్చేప్పుడు గూడా పరిగెత్తే," అంది రిజ్వానా.

"సరే సరే. నేటి నుండి అందరికీ తెరుస్తారు. నేను చెబుతున్నాను కదా. లేవండి."

పిల్లలు లేవబోయారు. రిజ్వానా లేవలేదు. తలెత్తి రత్నకుమారి వంక చూసింది. "టీచర్, ఆ బస్సోళ్ళు మాట చెబితే ఎక్కారా, కాయితం వచ్చినాకెక్కారా?"

ముగ్గురు పెద్దవాళ్ళూ రత్నకుమారి మొహం వంక చూశారు. నరహరి గారు కళ్ళతోనే బతిమాలారు. ఆమెకు ఇద్దరు పిల్లల కాలేజీ చదువులు గుర్తొచ్చాయి, బదిలీల జాబితా గుర్తొచ్చింది.

"కాగితం వచ్చాకే ఎక్కారు," అంది.

తనిఖీ రిజిస్టరు తెచ్చారు. విశ్వంభరరావు గారు గోడకు ఆనించి, నిలబడే, కాళ్ళు ముడేసుకుని రాశారు. రిజిస్టరు రిజ్వానా ఒళ్ళోకి వచ్చింది. ఆ పిల్ల వేలు పెట్టి మొదలుపెట్టింది. "ఇం... దు... మూ... ల... ము... గా... స... ద... రు..."

"చదవాలా?" అన్నారు పెద్దాయన హీనస్వరంతో.

"మరి చదవకుండా ఎట్టా సార్? పా... ఠ... శా..." కాసేపటికి ఆగిపోయింది. "ఇందులో మేం ఎళ్ళొచ్చని ఎక్కడుంది టీచర్?"

రత్నకుమారి చదివింది. 'ఇందుమూలముగా సదరు పాఠశాలయందలి శౌచాలయమును విద్యార్థులు సైతము నిబంధనలకు లోబడి వినియోగించుకొను విషయమై తగు చర్యల నిమిత్తము పరిశీలించవలసినదిగా సూచించడమైనది.' నరహరి గారు తీసుకుని రెండుసార్లు చదివారు. నిజంగానే లేదు.

విశ్వంభరరావు గారు మోసం చేద్దామనుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన చెయ్యి అలా రాయడానికి అలవాటుపడిపోయింది, అంతే. నుదుటి మీద చెమట కారిపోతుండగా, "మరి ఏమని రాయమంటావమ్మా?" అన్నారు.

"మాకొచ్చే మాటలతో రాయండి సార్."

ఆయన ఆ పంక్తి కొట్టేశారు. కొత్త పంక్తిలో, పిల్లలు పలక మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. రిజ్వానా మళ్ళీ వేలు పెట్టింది. ఈసారి పిల్లలందరూ వంగి, కూడబలుక్కుంటూ చదివారు.

"ఈ... బా... తకు రావత్తు త్రూ... ము... పి... లకు లావత్తు ల్ల... లం... ద... రి... దీ." ఒక చుక్క. "తా... ళం... వే... య... రా... దు."

రత్నకుమారి ఆ వత్తుల కోసం జూన్ నుంచి తల పగలగొట్టుకుంటోంది. ఒక్కటి కూడా తప్పుపోలేదు.

"సంతకం సార్," అన్నాడు కోటేశు.

సంతకం పెట్టారు. పదహారుమందీ లేచి, ఒక పక్కకు జరిగి, దారిచ్చారు. విశ్వంభరరావు గారు లోపలికి వెళ్ళిన వేగం గురించి ఊళ్ళో తర్వాత చాలారోజులు చెప్పుకున్నారు. బయటకు వచ్చాక ఆయన కారెక్కుతూ ఆగి, రిజ్వానా తల మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్ళిపోయారు.

ఆయన అలా వెళ్ళినా ఆఫీసు అలా వదలదు. పదో రోజున రెండు కాగితాలొచ్చాయి. మొదటిది అన్ని బడులకూ: 'కొన్ని పాఠశాలల యందు అభ్యసన ఫలితములు నిర్దేశిత స్థాయిని మించిపోయినందున అమెరికా చరిత్ర బోధనను తక్షణమే నిలిపివేయడమైనది.' రెండోది రత్నకుమారికి: 'మీరు బోధించిన పాఠము విద్యార్థులకు అర్థమైనట్లు మా దృష్టికి వచ్చినది. ఇట్లు అర్థమగుటకు గల కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను.'

ఈలోగా బాత్రూము తెరిచి ఉంది. మొదటివారం పిల్లలకు అది తిరునాళ్ళే. పావుగంటకొకరు వేలు చూపించి వెళ్ళేవాళ్ళు, అవసరమున్నా లేకపోయినా. శుభ్రతలో బడి ర్యాంకు జిల్లాలో మూడు నుంచి ఆరువందల పదకొండుకు పడిపోయింది. పిచ్చయ్య గారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు పంచె పైకి దోపుకుని, చీపురూ బకెట్టూ తీసుకుని తానే కడిగారు. చూసి అయిదో తరగతి పిల్లలు వంతులేసుకున్నారు.

మెమోకు జవాబివ్వాల్సిన మూడో దినం సాయంత్రం నరహరి గారు ఫోను చేశారు. "అమ్మా, ఏదో ఒకటి రాసి పడెయ్యండి. 'పొరపాటున అర్థమైంది, ఇకముందు జరగదు' అని రెండు ముక్కలు రాస్తే ఫైలు మూసేస్తారు. మీ మంచికే చెబుతున్నాను."

రత్నకుమారి తెల్లకాగితం తీసుకుని పిల్లలు వెళ్ళిపోయిన గదిలో కూర్చుంది. నీళ్ళసీసా మూత తీసి, తాపీగా సగం తాగింది. ఎంతసేపు ఆలోచించినా నరహరి గారు చెప్పిన రెండు ముక్కలు కలం దాటి రాలేదు. చివరికి ఇలా రాసింది:

'అయ్యా, మీ మెమో అందింది. పాఠం పిల్లలకు అర్థమైన మాట నిజమే. ఎందుకు అర్థమైందో నాకు తెలియదు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాకు ఇలా జరగడం ఇదే మొదటిసారి. ఇకముందు జరగదని మాత్రం హామీ ఇవ్వలేను.'